బడిలో ఇచ్చే గ్లాసు పాలు

(హిందూపురంలో బడి పిల్లల తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో ఒక విశ్రాంత డెయిరీ నాణ్యతాధికారి మాట్లాడిన మాటలు. రికార్డింగు విని రాసుకున్నది. సభలోంచి వచ్చిన ప్రశ్నల్లో కొన్నిటినే ఉంచాం.)

అందరికీ నమస్కారం. హెడ్‌మాస్టరు గారు ఫోన్ చేసి రెండు మాటలు చెప్పారు. అవతల కర్ణాటక గౌరిబిదనూరులో మా చుట్టాల పిల్లలకు బడిలో పాలిస్తున్నారంట, మనకెందుకియ్యరు అని సగం మంది అడుగుతున్నారంట. అవి పొడి పాలు, తాగితే లేనిపోని రోగాలొస్తాయి, వద్దు అని మిగతా సగం అంటున్నారంట. మీరొచ్చి ఏదో ఒకటి తేల్చండి అన్నారు. తేలుస్తాను గానీ, పాలు మంచివా కాదా అని అడిగితే మాత్రం తేలదు. ఆ గ్లాసులో ఏముంది, ఎన్ని నీళ్లున్నాయి, ఏ పూట ఇస్తున్నారు, దేని బదులు ఇస్తున్నారు అని అడిగితే తేలుతుంది.

ముందు పక్క రాష్ట్రం సంగతి. కర్ణాటకలో క్షీరభాగ్య పథకం 2013 ఆగస్టు 1న మొదలైంది. సర్కారు బళ్లు, ఎయిడెడ్ బళ్లు, అంగన్‌వాడీల పిల్లలకు తలకు 150 మిల్లీలీటర్ల పాలు. మొదట వారానికి మూడు రోజులు, 2017 నుంచి ఐదు రోజులు. పాలు అంటే పితికి తెచ్చినవి కాదు. తలకు 18 గ్రాముల పాలపొడి, వెన్న తీయని పొడి, బడిలోనే కలిపి కాచి ఇస్తారు. ఇది ఎందుకు పుట్టిందో కూడా తెలుసుకోండి. పిల్లల మీద ప్రేమ ఉంది, కాదనను. దాంతోపాటు అప్పట్లో అక్కడి పాల సమాఖ్య దగ్గర పాలు ఎక్కువైపోయాయి. రైతులు పోసే పాలను వద్దనలేరు, అమ్ముడుపోనివన్నీ పొడి చేసి గోదాముల్లో పేర్చుకున్నారు. ఆ పొడికి ఒక దారి కావాల్సొచ్చింది.

ఇందులో తప్పేం లేదు. అమెరికాలోనూ ఇంగ్లండులోనూ బడిపాల వెనక పాడి రైతును ఆదుకునే లెక్క ఉండనే ఉంది. బ్రిటన్‌లో 1946 నుంచి బడి పిల్లలందరికీ ఉచితంగా పాలిచ్చారు. 1971లో విద్యామంత్రిగా ఉన్న మార్గరెట్ థాచర్ ఏడేళ్లు దాటిన పిల్లలకు దాన్ని ఆపేస్తే, ‘పాలదొంగ’ అని ఆమెకు పేరు పెట్టారు జనం. ప్రధానమంత్రి అయ్యాక కూడా ఆ పేరు వదల్లేదు. పాలు మిగిలితే పిల్లలు గుర్తొస్తారు, ఖజానా తగ్గితే మొదట గుర్తొచ్చేదీ వాళ్లే. అంతవరకు మనసులో పెట్టుకుంటే చాలు.

ఇప్పుడు పొడి సంగతి. ఇక్కడ పెద్దవాళ్లు కొందరున్నారు. కేర్ ఉప్మా, పాలపొడి తిన్న బాచ్ మీరంతా. అవునా? (నవ్వులు) అప్పట్లో బయటి దేశాల నుంచి వచ్చిన పొడిలో చాలావరకు వెన్న తీసేసినదే. వెన్నతో పాటు విటమిన్ ఏ కూడా పోతుంది. కళ్లకు మంచిది కాదని తర్వాత అందులో విటమిన్ కలిపి పంపడం మొదలుపెట్టారు. ‘పొడి పాలలో సత్తువ ఉండదు’ అని మీ ఇళ్లలో అనుకునే మాటకు మూలం అక్కడ ఉంటే ఉండొచ్చు.

ఇప్పుడిచ్చేది వేరు. పొడి ఎలా చేస్తారంటే, పాలను పాశ్చురైజ్ చేసి, గాలి ఒత్తిడి తగ్గించిన పెద్ద గొట్టాల్లో మరిగిస్తారు. ఒత్తిడి తక్కువ కాబట్టి నూరు డిగ్రీలకు పోకుండానే, డెబ్బై లోపలే నీళ్లు ఆవిరైపోతాయి. సగం దాకా చిక్కబడ్డ ఆ పాలను ఒక ఎత్తైన గదిలో పైనుంచి తుంపరగా చల్లుతారు, కింద నుంచో పక్క నుంచో వేడిగాలి వదుల్తారు. తుంపర కిందపడే లోపే పొడి అయిపోతుంది. ఈ పనిలో మందులు మాకులు కలపాల్సిన అవసరమే లేదు. తేమ ఐదు శాతం లోపు ఉంటే సూక్ష్మజీవి పెరగదు, పొడి చెడిపోదు, అంతే రహస్యం. విటమిన్ సీ పోతుంది, బీ విటమిన్లు కొంచెం తగ్గుతాయి. పాల కోసం విటమిన్ సీ ఎవరూ తాగరు, దానికి జామకాయ ఉంది. ప్రోటీను, కాల్షియం, వెన్న ఎక్కడికీ పోవు.

18 గ్రాములే ఎందుకు అనేది చూడండి. ఆవుపాలలో నీళ్లు తీసేస్తే మిగిలేది నూటికి పన్నెండు పాళ్లు. 150 మిల్లీలీటర్లలో పన్నెండు శాతం ఎంత? 18 గ్రాములు. అంటే పొడి కొలత తప్పకుండా, మొత్తం కలిపి 150 దగ్గర ఆపితే, గ్లాసులో ఉన్నది అక్షరాలా ఆవుపాలే. అందులో నాలుగున్నర గ్రాముల ప్రోటీను, సుమారు 160 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటాయి. ఏడెనిమిదేళ్ల పిల్లకు రోజుకు 650 మిల్లీగ్రాముల కాల్షియం, 23 గ్రాముల ప్రోటీను కావాలని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క. కాల్షియంలో పావు వంతు, ప్రోటీన్‌లో ఐదో వంతు ఒక్క గ్లాసులో వచ్చేశాయి. తక్కువేం కాదు.

అయితే ఆ ‘కొలత తప్పకుండా’ అన్న దగ్గరే కథంతా ఉంది. నూరుమంది పిల్లలకు కిలో ఎనిమిది వందల గ్రాముల పొడి పడాలి. వంటమ్మ కిలో పొడితోనే సరిపెట్టిందనుకోండి, పిల్లకు పది గ్రాములు. రంగు తెల్లగానే ఉంటుంది, చక్కెర వేస్తే రుచీ తెలీదు. గ్లాసు నిండుగానే ఉంటుంది. పాలు మాత్రం సగమే.

ఇది ఊహించి చెప్తున్నది కాదు. 2019 నవంబరులో ఉత్తరప్రదేశ్ సోన్‌భద్ర జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో ఒక లీటరు పాలను బకెట్ నీళ్లలో కలిపి 81 మంది పిల్లలకు పంచారు. వీడియో బయటికొచ్చి దేశమంతా చూసింది. అక్కడ తలకు 150 మిల్లీలీటర్లు ఇవ్వాలి, అంటే పన్నెండు లీటర్లు పైన పట్టాలి. ఒక్కో పిల్లకు దక్కింది పన్నెండు మిల్లీలీటర్లు, దగ్గు మందు మూతకు కాస్త ఎక్కువ. ఆ రోజు ఆ బడికి పోయి ‘పాలు ఆరోగ్యానికి మంచివేనా’ అని అడగడంలో అర్థం ఉందా?

లాక్టోమీటరు పెట్టి చూడొచ్చు కదా అంటారు. పాలలో వదిలితే తేలుతుంది, చిక్కటి పాలైతే 28, 30 చూపిస్తుంది, నీళ్లు కలిస్తే దిగిపోతుంది. కానీ నీళ్లు కలిపి, దాని మీద చక్కెరో ఉప్పో వేస్తే మళ్లీ పైకి లేస్తుంది. చక్కెర వేసి కాచిన బడిపాలలో లాక్టోమీటరు పెట్టడం దండగ. దానికంటే పొడి బస్తాలు లెక్కపెట్టండి. వచ్చిన బస్తాలు ఎన్ని, హాజరు పట్టీలో పిల్లలెందరు, మిగిలిన పొడి ఎంత. తల్లిదండ్రుల కమిటీలో ఒక అమ్మ, నెలకోసారి చేస్తే చాలు. మేము డెయిరీలో ఎన్ని మిషన్లు పెట్టినా చివరికి దొంగతనం పట్టించేది రిజిస్టరే.

సరే, పాలు తాగితే పిల్లలు నిజంగా ఎదుగుతారా? దీనికొక మంచి కథుంది. 1930లో స్కాట్లండ్‌లోని లానార్క్‌షైర్‌లో ఇరవై వేల మంది బడిపిల్లల మీద పరీక్ష చేశారు. పది వేల మందికి నాలుగు నెలలు రోజూ ముప్పావు పింటు పాలు, అంటే నాలుగు వందల మిల్లీలీటర్ల పైమాట. మిగతా పది వేల మందికి ఏమీ లేదు. ముందూ వెనకా బరువు తూచారు, ఎత్తు కొలిచారు. పాలు తాగినోళ్లు ఎక్కువ పెరిగారని చెప్పారు. మరుసటి ఏడాది గాసెట్ అనే గణాంక శాస్త్రవేత్త, ఆయన బీరు కంపెనీలో ఉద్యోగి, గిన్నెస్‌లో, ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో రాసేవాడు, ఆ లెక్కలన్నీ విప్పి చూశాడు. పాలు తాగే గుంపులో పిల్లలు మొదట్లోనే పొట్టిగా, సన్నగా ఉన్నారు! ఎందుకలా? చీటీ తీసినట్టు ఎంచమంటే ఎంచారు, కానీ రెండు గుంపులూ సమానంగా లేవనిపిస్తే మార్చుకునే వీలు టీచర్లకిచ్చారు. టీచర్లు ఏం చేస్తారు? ఎముకల గూడులా ఉన్న పిల్లను పాల గుంపులోకి తోసేశారు. పైగా ఫిబ్రవరి చలిలో ఒకసారి, జూన్ ఎండలో ఒకసారి బట్టలతోనే తూచారు. ఉన్నోళ్ల పిల్లలు చలికి మందంగా కట్టుకొచ్చారు, ఎండాకాలం తీసేశారు, బరువు తగ్గినట్టు కనపడింది. పేద పిల్లలకు తీసేయడానికి ఏముంది?

ఇరవై వేల మంది పిల్లల పరీక్ష అలా పాడైంది. ఆ టీచర్లను తప్పుపట్టడానికి నాకైతే నోరు రాదు. ఈ ముందు వరసలో కూర్చున్న మేడమ్‌లైనా అదే చేస్తారు.

మన దగ్గర కూడా పరీక్షలు జరిగాయి. 1930లలో నీలగిరి కొండల్లో కూనూరులో పోషకాహార పరిశోధనశాల ఉండేది. అక్రాయిడ్ అనే డాక్టరు దానికి పెద్ద. అన్నం, చారు తినే పిల్లలకు వెన్న తీసిన పాలపొడి పాలు అదనంగా ఇచ్చి చూస్తే ఎత్తూ బరువూ రెండూ పెరిగాయి. ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. తార్నాకలో ఉంది, చూసుంటారు. వాళ్లు పాలిచ్చింది వట్టి అన్నం మీద బతికే పిల్లలకు. రోజూ గుడ్డు, పప్పు, పెరుగు తినే ఇంట్లో పిల్లకు అదే గ్లాసు అంత తేడా చూపించదు. మన సర్కారు బడికొచ్చే పిల్లల్లో ఎక్కువ మంది మొదటి రకమే, అందుకే బడిపాలకు నా ఓటు.

ఓటు వేస్తూనే ఒక షరతు పెడతాను. పాలలో ఇనుము లేదు. లేదంటే లేదనే. గ్లాసు పాలలో ఒక మిల్లీగ్రాములో పదో వంతు ఉంటే గొప్ప. మన రాష్ట్రంలో ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 63 మందికి రక్తహీనత ఉందని 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. తెలంగాణలో నూటికి 70. ఆ పిల్లలే కదా రేపు మీ ఒకటో తరగతికొచ్చేది. వాళ్లకు పాలు ఎన్ని పోసినా రక్తం పట్టదు. పైగా పాలలోని కాల్షియం, అదే పూట తిన్న ఇనుమును ఒంటికి పట్టనియ్యదు. అందుకే పాలు పొద్దున ప్రార్థన వేళ ఇవ్వాలి, మధ్యాహ్న భోజనంతో కాదు.

టీచర్లకు ఒక మాట. వారానికోసారి ఇనుము మాత్ర వేయిస్తారు కదా, చిన్నపిల్లలకు గులాబీ రంగుది, పదేళ్లు దాటినోళ్లకు నీలం రంగుది. ‘చేదుగా ఉంది మేడమ్’ అని పిల్ల ముఖం చిట్లిస్తే జాలిపడి పాలతో మింగించేరు! మాత్ర దండగ. అన్నం తిన్నాక మంచినీళ్లతో వేయండి. టీతోనూ వద్దు.

‘గుడ్డు బదులు పాలు’ అనే మాట కూడా ఇక్కడే తెగ్గొట్టాలి. 2015లో మధ్యప్రదేశ్ అంగన్‌వాడీల్లో గుడ్డు పెట్టేది లేదని అప్పటి ముఖ్యమంత్రి శివరాజ్ సింగ్ చౌహాన్ తేల్చి చెప్పేశారు. గుడ్డు వద్దన్న ప్రతి చోటా పాలను ముందుకు తోస్తారు, పాపం పాలకేం తెలుసు. కర్ణాటకలోనూ గుడ్డా అరటిపండా అని చాలా గొడవ జరిగింది, ఇప్పుడు అక్కడ పాలూ ఉన్నాయి, గుడ్డూ ఉంది. మనకు డొక్కా సీతమ్మ పేరు మీద నడుస్తున్న బడి భోజనంలో గుడ్డు, చిక్కీ, రాగి జావ ఉన్నాయి. రాగుల్లో నూరు గ్రాములకు 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంది. పిల్లకు ముప్పై గ్రాముల పిండితో జావ కాస్తే నూరు మిల్లీగ్రాములు దాటుతుంది. అందులో కొంత ఒంటికి పట్టదు, నిజమే, రాగులు నానబెట్టి మొలకెత్తిస్తే మేలు. వీటిని తీసేసి పాలు పెడతామంటే మాత్రం వద్దనండి. వీటి మీద అదనంగా అంటే రెండు చేతులా పుచ్చుకోండి.

కల్తీ సంగతి అడుగుతారని తెలుసు. యూరియా, డిటర్జెంటు అని వాట్సాప్‌లో రోజూ వస్తాయి. 2018లో ఆహార భద్రత ప్రాధికార సంస్థ దేశమంతా 1,103 ఊళ్ల నుంచి 6,432 పాల శాంపిళ్లు తీయించింది. అలాంటి కల్తీ దొరికింది పన్నెండింటిలో. నవ్వకండి, ఆ పన్నెండులో తొమ్మిది తెలంగాణవి. అయినా పన్నెండే. భయపడాల్సింది ఇంకోదానికి. 368 శాంపిళ్లలో అఫ్లాటాక్సిన్ ఎమ్1 అనే బూజు విషం హద్దు దాటింది. ఇది ఎవరో కలిపేది కాదు. ఆవు తిన్న మేతలోంచి వస్తుంది. బూజు పట్టిన వేరుశెనగ చెక్క, బూజు పట్టిన మొక్కజొన్న, పత్తిచెక్క. మన అనంతపురం వైపు వేరుశెనగ గురించి నేను చెప్పాలా? కోత కోశాక వానొస్తే కుప్పలోనే బూజు పడుతుంది. పుచ్చు గింజలు మనం తినం, గానుగకు పోతాయి, చెక్క ఆవుకు పెడతాం, ఆవు మన పిల్లకే తిరిగి ఇస్తుంది. కాచినా పోదు, పొడి చేసినా పోదు. ఏళ్ల తరబడి ఒంట్లోకి పోతే కాలేయానికి చేటు. బడిలో దీన్ని పట్టుకోలేరు, డెయిరీ ల్యాబులోనే పట్టుకోవాలి. మీరు చేయగలిగింది కొట్టంలో ఉంది. నల్లబడ్డ చెక్క, ముక్కవాసన వచ్చే చెక్క చవగ్గా వస్తుందని కొనొద్దు.

నీళ్ల గురించి చెప్పి నా మాట ముగిస్తా, తర్వాత మీరు అడగండి. పొడి పాలతో పిల్లలకు వాంతులు, విరేచనాలు అని వార్త వస్తే, నేను ముందు పొడిని అనుమానించను. నీళ్లను, గిన్నెను, గడియారాన్ని అనుమానిస్తాను. గోరువెచ్చటి నీళ్లు కొన్ని తీసుకుని ముందు పొడిని దోసెపిండిలా ఉండలు లేకుండా కలపాలి. తర్వాత మిగతా నీళ్లు పోసి పొంగు రానివ్వాలి. పొంగిన పాలు రెండు గంటల్లో తాగించేయాలి. పొద్దున ఎనిమిదిన్నరకు కాచి, పిల్లలు ఆలస్యమని పదకొండున్నరకు మళ్లీ వేడిచేసి పోస్తారు చూశారా, అది ప్రమాదం. వడ్డించే చేతి మీద పుండు నుంచో, చీమిడి నుంచో పడ్డ సూక్ష్మజీవి ఆ మూడు గంటల్లో విషం వదుల్తుంది. మళ్లీ కాస్తే జీవి చస్తుంది, విషం చావదు.

మన బోరు నీళ్లలో ఫ్లోరైడు ఉన్న ఊళ్లున్నాయి, అవతల పావగడ వైపూ ఉంది. కాస్తే ఫ్లోరైడు పోదు, నీళ్లు ఇగిరే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. అలాంటి ఊళ్లో ప్లాంటు నీళ్లే వాడాలి. పిల్లలు తాగడానికి క్యాను తెప్పించి, పాలు కలపడానికి బోరు తిప్పే బడులు ఉంటాయి. అది చూసుకోండి.

(సభలోంచి: మా పాపకు పాలు తాగితే కడుపునొప్పి సార్. బలవంతంగా తాపియ్యాలా?)

వద్దమ్మా. పాలలో ఉండే చక్కెర, లాక్టోజ్ అంటారు, అది కొందరికి పెద్దయ్యే కొద్దీ అరగదు. మన దక్షిణాదిలో ఇది ఎక్కువే. అయితే బడి గ్లాసులో ఉండేది ఏడు గ్రాములు. అరగనివాళ్లలో కూడా చాలామంది ఒక పూటకు పన్నెండు గ్రాముల దాకా తట్టుకుంటారు. ముందు ఒకటి గమనించు, పాప ఇంట్లో ఏమైనా తిని పోతోందా, పరగడుపున పోయి గటగటా తాగుతోందా? ఇడ్లీ ఒకటి తిని పోతే చాలాసార్లు నొప్పి ఉండదు. అప్పటికీ నొప్పంటే పెరుగు పెట్టు. తోడుకునేటప్పుడు ఆ చక్కెర కొంత తగ్గిపోతుంది. దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం వస్తే మాత్రం అది వేరు, అలర్జీ. ఒక్క చుక్క కూడా ఇవ్వకుండా డాక్టరు దగ్గరికి తీసుకుపో, బడిలో టీచరుకు రాసివ్వు.

(సభలోంచి: అంగన్‌వాడీలో ఇచ్చే డబ్బా పాలు నెలల తరబడి చెడిపోవు. ఏం కలుపుతారు?)

ఏమీ కలపరు. 135, 140 డిగ్రీల దగ్గర రెండు మూడు సెకన్లు వేడిచేసి, గాలీ వెలుతురూ చొరబడని ఆరు పొరల ప్యాకెట్లో సూక్ష్మజీవి లేకుండా మూసేస్తారు. లోపల చెడగొట్టేది ఏదీ బతికి లేదు, ఇంకెలా చెడిపోతాయి? కత్తిరించాక మాత్రం మామూలు పాలే. పొద్దున కత్తిరించి సాయంత్రం దాకా గట్టు మీద పెడితే విరుగుతాయి. ఉబ్బిన ప్యాకెట్ వస్తే విప్పకుండా తిప్పి పంపండి.

(సభలోంచి: మావాడు ప్రైవేటు స్కూలు. చాక్లెట్ పాలు తప్ప తాగడు.)

అమెరికా బళ్లలో పదేళ్లకు పైగా ఇదే తగాదా. చివరికి అక్కడ 2025 నుంచి రుచి పాలలో 240 మిల్లీలీటర్లకు కలిపే చక్కెర పది గ్రాములు దాటకూడదని నిబంధన పెట్టారు. నువ్వు సీసా వెనక చూడు, ‘కలిపిన చక్కెర’ అని విడిగా రాసుంటుంది. అంతకు మించి ఉంటే అది పాలతో చేసిన మిఠాయి, పండక్కి కొనివ్వు. వెన్న తీసిన పాలు ఇవ్వాలా అని కూడా అడుగుతారు ఈ మధ్య. అక్కడి పిల్లల గొడవ లావు, మన బడి పిల్లల గొడవ బక్క. మనవాళ్లకు వెన్నతో ఉన్న పాలే ఇవ్వండి.

(సభలోంచి: అయితే మన బడికి కూడా పాలు కావాలని అర్జీ పెట్టమంటారా?)

పెట్టండి. గుడ్డు, జావ, చిక్కీ అలాగే ఉంచి పాలు అదనంగా అని రాయండి. వెన్న తీయని పొడి అని రాయండి, పిల్లకు ఎన్ని గ్రాములో అంకె వేయండి. ఇంకోటి, ఇది ఎవరూ రాయరు, గ్యాసుకు, పెద్ద గిన్నెకు, పొద్దున గంట ముందొచ్చే వంటమ్మ కూలికి డబ్బు విడిగా ఇవ్వమని రాయండి. ఇవ్వకపోతే ఆమె మాత్రం ఏం చేస్తుంది, కాయకుండా కలిపి పోస్తుంది. అర్జీ తెలుగులోనే రాయండి, కింద అమ్మలందరూ సంతకాలు పెట్టండి. కాగితం ఎవరి దగ్గరుంది, ఇప్పుడే మొదలుపెడదామా?